మిక్లోషిచ్: పుట్టిల్లు చెప్పే మాటలు, దారి చెప్పే మాటలు

ఎం.ఏ. భాషాశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నవారు అడిగిన ప్రశ్న ఇది. సెమినార్‌కి స్లొవీన్ తులనాత్మక భాషావేత్త ఫ్రాంత్స్ మిక్లోషిచ్‌ను ఇచ్చారట. ఆయన జీవితం ఎలా సాగింది, ప్రాచీన చర్చి స్లావిక్ (రష్యన్, సెర్బియన్, స్లొవీన్ లాంటి స్లావిక్ భాషల్లో మొదట రాతకెక్కిన భాష) పుట్టుక గురించి ఆయన చెప్పింది తప్పని తేలాక కూడా ఆయన్ని చదవడం దేనికి అని అడుగుతున్నారు.

నేను చారిత్రక భాషాశాస్త్రం 28 ఏళ్లు పాఠం చెప్పాను. మిక్లోషిచ్ తప్పు దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ ఎక్కువసేపు ఆగేదాన్ని. ఆ తప్పు అర్థమైతే, అరువు మాటల నుంచి ఏం తేల్చవచ్చో, ఏం తేల్చకూడదో జీవితాంతం గుర్తుంటుంది. అయితే అక్కడికి వెళ్లాలంటే ముందు మనిషి తెలియాలి.

ఆయన 1813 నవంబర్ 20న లూటొమెర్ దగ్గర రదొమెర్షాక్ అనే పల్లెలో పుట్టారు. ఇప్పుడది స్లొవేనియాకు ఈశాన్యపు మూల. అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోని స్టిరియాకి చెందిన ఊరు. స్లొవీన్ మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ సుమారు 20 లక్షల మందే. ఆ రోజుల్లో వాళ్ల నేల నాలుగైదు పరగణాల మధ్య ముక్కలై ఉండేది. కచేరీలో, పెద్ద బడిలో జర్మన్; ఇంట్లో, పొలంలో స్లొవీన్. వాళ్ల భాషలో చదువు చెప్పే విశ్వవిద్యాలయం 1919 దాకా రాలేదు. అలాంటి చోటి నుంచి వచ్చిన కుర్రాడు స్లావిక్ భాషలన్నిటికీ కలిపి వ్యాకరణం రాశాడన్నది మీ సెమినార్‌లో మొదటి నిమిషంలోనే చెప్పండి.

ఆ చిన్న భాష గొప్పదనం ఒకటి ఇక్కడే చూపిస్తాను. స్లొవీన్‌లో ద్వివచనం ఇంకా బతికే ఉంది, సంస్కృతంలో మనం వల్లె వేసిన ద్వివచనమే. 'ఉండు' అనే క్రియ తీసుకోండి. 'మేమిద్దరం ఉన్నాం' అనడానికి స్లొవీన్‌లో 'స్వ', సంస్కృతంలో 'స్వః'. 'మీరిద్దరు'కి 'స్త', సంస్కృతంలో 'స్థః'. 'వాళ్లిద్దరు'కి మళ్లీ 'స్త', సంస్కృతంలో 'స్తః'. బహువచనంలో 'స్మొ', 'స్తె'. మనకు 'స్మః', 'స్థ'. హిందీ, బెంగాలీ, మరాఠీ అన్నీ ద్వివచనాన్ని ఎప్పుడో వదిలేశాయి. ఆల్ప్స్ పర్వతాల పక్కన రైతులు మాత్రం రోజూ వాడుతూనే ఉన్నారు. ఇంట్లో ఇలాంటి భాష వింటూ పెరిగినవాడికి సంస్కృతాన్ని యూరప్ భాషలతో పోల్చిన జర్మన్ పండితుడు ఫ్రాంత్స్ బోప్ రాసిన తులనాత్మక వ్యాకరణం చేతికందితే ఏమవుతుందో ఊహించండి.

నిజానికి అది ఆలస్యంగా అందింది. వరాజ్దిన్, మారిబోర్ బడుల్లో చదివి, గ్రాత్స్ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం డాక్టరేట్ తీసుకుని, కొంతకాలం అక్కడే తత్త్వశాస్త్రం చెప్పారు. 1838లో న్యాయశాస్త్రం కోసం వియన్నా వెళ్లారు. అందులోనూ డాక్టరేట్ పొంది న్యాయవాద వృత్తిలో దిగారు. ఆ దారిలోనే సాగి ఉంటే ఇవాళ ఆయన పేరు మనకు తెలిసేది కాదు.

మలుపు తిప్పినవారు యెర్నెయ్ కోపితార్. ఆయనా స్లొవీన్ రైతుబిడ్డే. 1780లో పుట్టారు, వియన్నా రాజగ్రంథాలయంలో పనిచేస్తూ స్లావ్, గ్రీకు పుస్తకాలకు ప్రభుత్వ సెన్సార్‌గా ఉండేవారు. స్లొవీన్ భాషకు తొలి శాస్త్రీయ వ్యాకరణం రాసింది ఆయనే. సెర్బియన్ భాషను వాడుక మీద నిలబెట్టిన వూక్ కరాజిచ్ వెనక నిలిచిందీ ఆయనే. మిక్లోషిచ్‌ను రాతప్రతుల దగ్గరికి నడిపించారు. 1844లో మిక్లోషిచ్ బోప్ వ్యాకరణంలోని స్లావిక్ భాగం మీద ఒక సమీక్ష రాశారు. పండితుల చూపు ఒక్కసారిగా ఆ యువ న్యాయవాది మీద పడింది. అదే ఏడు ఆగస్టులో కోపితార్ పోయారు. మిక్లోషిచ్ రాజగ్రంథాలయంలో ఉద్యోగంలో చేరి 1862 దాకా ఉన్నారు. గురువు నుంచి విద్యతో పాటు ఒక నమ్మకం కూడా ఆయనకు సంక్రమించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

1848 విప్లవం గురించి మీ నోట్స్‌లో ఒక పేరా చాలు. వియన్నాలోని స్లొవీన్‌లు పెట్టుకున్న 'స్లొవేనియా' సంఘానికి ఆయన అధ్యక్షుడు. ముక్కలైన స్లొవీన్ ప్రాంతాలన్నీ ఒకటి కావాలి, బళ్లలో, కచేరీల్లో స్లొవీన్ రావాలి అన్నది వాళ్ల కోరిక. మద్రాసు రాష్ట్రంలో ఆంధ్రోద్యమం నడిచిన తీరు తెలిసినవాళ్లకు ఈ కోరిక గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన సామ్రాజ్య శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. విప్లవం అణగారిపోయింది. ఆయన రాజకీయం వదిలి చదువులోకి వచ్చేశారు. 1849లో వియన్నా విశ్వవిద్యాలయంలో స్లావిక్ భాషాశాస్త్ర పీఠం కొత్తగా ఏర్పడితే మొదటి ఆచార్యుడు ఆయనే. 1850 మార్చిలో సెర్బులకు, క్రొయేషియన్లకు ఉమ్మడి సాహిత్య భాష గురించి వియన్నాలో జరిగిన ఒప్పందం మీద వూక్ కరాజిచ్‌తో పాటు సంతకం చేసిన ఒకే ఒక్క స్లొవీన్ కూడా ఆయనే. పీఠంలో 35 ఏళ్లకు పైగా ఉన్నారు. మధ్యలో రెక్టర్ అయ్యారు, 1864లో సర్దారు బిరుదు వచ్చింది. స్లొవీన్ పిల్లల కోసం హైస్కూల్ వాచకాలు కూడా కూర్చారు. ఇంత పెద్ద ఆచార్యుడు బడి పుస్తకాలకు కూర్చోవడం నాకు చాలా ఇష్టమైన సంగతి. 1891 మార్చి 7న వియన్నాలో కన్నుమూశారు.

ఇక రచనల సంగతి. అసలు గ్రంథం స్లావిక్ భాషల తులనాత్మక వ్యాకరణం, నాలుగు సంపుటాలు. ధ్వనుల సంపుటి 1852లో, రూపాల సంపుటి 1856లో వచ్చాయి. వాక్యనిర్మాణం 1868 నుంచి 1874 దాకా, పదనిష్పత్తి (మాటలు ఏర్పడే తీరు) 1875లో. మన కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చైంది 1856లో అని గుర్తు చేసుకోండి. రెండు భాషా కుటుంబాలకు పునాదిరాళ్లు ఇంచుమించు ఒకే కాలంలో పడ్డాయన్నమాట. కాల్డ్వెల్‌కు తమిళం బయటి నుంచి నేర్చుకున్న భాష. మిక్లోషిచ్ పోల్చిన భాషల్లో ఒకటి తన తల్లి మాట్లాడింది. ఈ తేడా ఆయనకు ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసింది.

వాక్యనిర్మాణానికే ఒక పూర్తి సంపుటి ఇవ్వడం ఆ రోజుల్లో అరుదు. అందరూ ధ్వనుల వెంట, విభక్తుల వెంట పడుతున్న కాలం అది. ఆయన కర్త లేని వాక్యాల మీద విడిగా పుస్తకమే రాశారు, 1883లో. స్లొవీన్‌లో 'గ్ర్మీ' అంటే 'ఉరుముతోంది'. అంతే, ఒక్క క్రియ. ఉరిమేది ఎవరు? జర్మన్ అయితే ఏదో ఒక సర్వనామాన్ని తెచ్చి ముందు నిలబెట్టాలి. స్లొవీన్‌కు ఆ అవసరం లేదు. తెలుగుకూ లేదు. 'ఉరుముతోంది' అన్నాక కర్త ఏదని మన ఇళ్లల్లో ఎవరూ అడగరు. ప్రతి వాక్యానికీ కర్త, క్రియ రెండూ ఉండి తీరాలన్న తర్కశాస్త్రపు సూత్రాన్ని ఆయన ఇలాంటి వాక్యాలతో ప్రశ్నించారు. తత్త్వవేత్త ఫ్రాంత్స్ బ్రెంటానో ఆ పుస్తకాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాశారు. తత్త్వశాస్త్రం చదివి భాషాశాస్త్రంలోకి వచ్చినవాడి చేతి పని అది.

ఇప్పుడు రోమానీ దగ్గరికి వద్దాం. నా లెక్కలో ఆయన చేసిన పనిలో అన్నిటికంటే అందమైనది ఇదే. యూరప్‌లోని రోమా ప్రజల (జిప్సీలని పిలిచేవాళ్ల) మాండలికాలు, వాళ్ల వలస దారుల మీద 1872 నుంచి 1880 దాకా 12 భాగాలుగా రాశారు. వాళ్ల భాష భారతదేశం నుంచి వచ్చిందన్న సంగతి అప్పటికి వందేళ్ల నుంచీ తెలుసు. అది సరే, ఏ దారిన వెళ్లింది? వాళ్లకు రాసుకున్న చరిత్ర లేదు, రాజుల శాసనాలు లేవు. ఉన్నది నోట్లోని భాష ఒక్కటే.

క్లాసులో నేను బోర్డు మీద ఈ మాటలు రాసేదాన్ని: యెఖ్, దుయ్, త్రిన్, ష్టార్, పాంజ్, షోవ్, ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా, దెష్. ఇవి రోమానీలో ఒకటి నుంచి పది. ఒక ఏడు తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె క్లాసులో ఉంది. వాళ్లింటి లంబాడీ అంకెలు చెప్పమన్నాను. ఏక్, ది, తీన్, చార్, పాంచ్ అంటూ వెళ్తుంటే అందరూ బోర్డు వంక చూసి తలలూపుతున్నారు. ఏడు దగ్గర ఆమె 'సాత్' అంది. బోర్డు మీద 'ఎఫ్తా' ఉంది. ఆమే ఆగిపోయి, "మేడమ్, ఇక్కడ ఏదో జరిగింది" అంది.

జరిగింది గ్రీకు. ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకు నుంచి వచ్చిన అంకెలు. దారికి వాళ్లు వాడే 'ద్రోమ్' కూడా గ్రీకే. మిక్లోషిచ్ పట్టుకున్నది ఏమిటంటే, ఈ గ్రీకు పొర యూరప్‌లోని రోమా మాండలికాలన్నిటిలోనూ ఉంది. స్పెయిన్‌లో ఉన్నవాళ్ల భాషలోనూ, రష్యాలో ఉన్నవాళ్ల భాషలోనూ. అంటే చెల్లాచెదురు కాకముందు అందరూ గ్రీకు మాట్లాడే నేల మీద చాలాకాలం కలిసి బతికారు. ఆ పై పొరల్లో కొందరి మాటల్లో రొమేనియన్, కొందరి మాటల్లో హంగేరియన్, ఇంకొందరిలో జర్మన్. కింది పొరల్లో పర్షియన్, ఆర్మీనియన్. గుర్రానికి 'గ్రస్త్' అనే మాట ఆర్మీనియన్ నుంచి. అన్నిటికంటే అడుగున మనకు తెలిసిన మాటలు: పానీ, మనుష్, ముక్కుకు నఖ్, నలుపుకు కాలో. భాషకు వాళ్ల మాట 'ఛిబ్', మన జిహ్వే. పొరలు లెక్కపెడుతూ పోతే దారి కనబడింది. యూరప్ రోమానీని ఆయన 13 మాండలికాలుగా విడదీశారు. ఆ వర్గీకరణను తర్వాతివాళ్లు చాలా మార్చారు, కానీ పొరలు చూసే పద్ధతి ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. లంబాడీలు, రోమాలు ఒకే జాతి అని మన పత్రికల్లో తరచూ కనబడుతుంది. రెండూ ఇండో-ఆర్య భాషలు, అంతవరకే ఖాయం. లంబాడీ రాజస్థానీ భాషలకు దగ్గర. రోమానీ మాట్లాడేవాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందటే ఇక్కడి నుంచి వెళ్లిపోయారు. అంతకు మించి సెమినార్‌లో చెప్పకండి.

ఇప్పుడు ఆ తప్పు సంగతి. 863లో సలోనికా నగరానికి చెందిన సిరిల్, మెథోడియస్ సోదరులు మొరేవియా (ఇప్పటి చెక్ దేశం వైపు) రాజు కోరిక మీద బయల్దేరి వెళ్లి స్లావ్‌లకు వాళ్ల భాషలోనే క్రైస్తవ గ్రంథాలు ఇచ్చారు. అదే ప్రాచీన చర్చి స్లావిక్, స్లావిక్ భాషల్లో మొదట రాతకెక్కింది. అది ఏ ఊరి వాడుక? కోపితార్ పన్నోనియా అన్నారు. అంటే ఇప్పటి హంగేరిలోని బలతోన్ సరస్సు చుట్టుపక్కల, స్లొవీన్‌ల పూర్వీకులు ఉన్న నేల. మిక్లోషిచ్ అదే నమ్మారు. ఎంతగా అంటే ఆ భాషకు 'ప్రాచీన స్లొవీన్' అనే పేరు పెట్టారు. ఆయన పెద్ద నిఘంటువు పేరులోనే ఆ మాట ఉంది.

వాళ్ల దగ్గర ఆధారాలు లేకపోలేదు. ఆ గ్రంథాల్లో బలిపీఠానికి, పూజకు, మతగురువు పోప్‌కు వాడిన మాటలు లాటిన్ నుంచో జర్మన్ నుంచో వచ్చాయి. గ్రీకు నగరం నుంచి వచ్చిన సోదరులు గ్రీకు మాటలే వాడాలి కదా? పడమటి మాటలు ఉన్నాయంటే భాషే పడమటిదని వాదన. స్లావిక్ భాషల్లోని క్రైస్తవ పదజాలం మీద మిక్లోషిచ్ పుస్తకం 1875లో వచ్చింది. ఆ ఏడు గమనించండి. రోమానీ మీద 12 భాగాలు రాస్తున్న కాలమే అది.

ఎన్నోసార్లు చదివాక నాకు అర్థమైంది ఇది. ఒక బల్ల మీద ఆయన గ్రీకు మాటలు చూసి, రోమాలు గ్రీకులు కారు, గ్రీకు నేల మీదుగా నడిచారని సరిగ్గా చదివారు. పక్క బల్ల మీద జర్మన్, లాటిన్ మాటలు చూసి, ఈ భాష అక్కడే పుట్టిందన్నారు. అరువు మాట మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చెబుతుంది, ఎక్కడ పుట్టాడో చెప్పదు. మనం బొత్తాం, మేస్త్రీ, అల్మారా అంటాం, మూడూ పోర్చుగీసు నుంచి వచ్చినవే. వాటిని చూసి తెలుగు లిస్బన్‌లో పుట్టిందని ఎవరైనా అంటారా? సోదరులు మొరేవియాలో, పన్నోనియాలో ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి చర్చి మాటలు అక్కడ అంటుకున్నాయి. రోమాల విషయంలో ఇంత స్పష్టంగా చూసిన కళ్లు ఇక్కడ చూడలేకపోయాయి. గురువు మీద గౌరవం ఒకటి, సొంత భాష మీద ప్రేమ ఒకటి. తెలుగు ఎంత ప్రాచీనమో నిరూపించాలని ఆరాటపడే పిల్లలకు ఈ ఉదాహరణ నేను తప్పకుండా చెప్పేదాన్ని.

పుట్టిల్లు తేల్చేవి ధ్వనులు. కొవ్వొత్తికి ప్రాచీన చర్చి స్లావిక్‌లో 'స్వేష్త'. బల్గేరియన్‌లో 'స్వెష్త్'. స్లొవీన్‌లో 'స్వేచ'. సరిహద్దుకు ప్రాచీన భాషలో 'మెజ్ద', బల్గేరియన్‌లోనూ 'మెజ్ద', స్లొవీన్‌లో 'మేయ'. పాత 'త్య', 'ద్య' ధ్వనులు ఏ భాషలో ఎలా మారాయన్నది ఇంటి ముద్ర లాంటిది, అరువు తెచ్చుకునేది కాదు. ఈ ముద్ర తూర్పు వైపు, బల్గేరియన్-మాసిడోనియన్ వైపు చూపిస్తోంది.

ఈ విషయాన్ని నేల మీదికి దిగి చూసింది మరో స్లొవీన్. వత్రోస్లవ్ ఓబ్లాక్, 1864లో త్సెల్యేలో పుట్టినవాడు. మిక్లోషిచ్ పీఠంలో ఆయన తర్వాత కూర్చున్న శిష్యుడు వత్రోస్లవ్ యాగిచ్‌కు శిష్యుడు. 1891-92లో సలోనికా పక్క పల్లెలకు వెళ్లి అక్కడి మాటలు విన్నాడు. సుహో అనే ఊళ్లో, మిగతా చోట్ల ఎప్పుడో పోయిన అనునాసిక (ముక్కుతో పలికే) అచ్చుల జాడలు ఇంకా పలుకుతున్నాయి. ఆ రాతప్రతుల్లో ఉన్న అచ్చులే. సోదరులు చిన్నప్పుడు విన్న వాడుక ఆ చుట్టుపక్కలదే అన్నమాట. ఓబ్లాక్ మాసిడోనియన్ అధ్యయనాలు 1896లో వచ్చాయి. ఆ ఏడు ఏప్రిల్‌లోనే, 31 ఏళ్లకే ఆయన పోయాడు. పుస్తకం బయటికి వచ్చేసరికి లేడు. ఆ వయసులో, అలాంటి మనసును పోగొట్టుకున్న భాష కోసం నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. యాగిచ్ 1900లో చర్చి స్లావిక్ పుట్టుక మీద రాసినప్పుడు మాసిడోనియా వైపే నిలిచారు.

రోమానీ విషయంలోనూ ఒక దిద్దుబాటు ఉంది, అదీ చెప్పండి. భారతదేశంలో రోమానీ పుట్టిన చోటు కోసం మిక్లోషిచ్ హిందూకుష్ వైపు చూశారు. 'త్రిన్'లో 'త్ర' లాంటి పాత జంట హల్లులు అక్కడి భాషల్లో నిలిచాయి కాబట్టి. 1926లో బ్రిటిష్ భాషావేత్త రాల్ఫ్ టర్నర్ లెక్క మార్చారు. పాతవి దాచుకోవడం ఎవరైనా చేస్తారు, చుట్టరికం తేల్చాలంటే కలిసి మారినవి చూడాలన్నారు. అక్షి రోమానీలో 'యఖ్' అయింది, హిందీలో 'ఆంఖ్' లాగా. కశ్మీరీలో అదే చోట 'ఛ' వస్తుంది. కాబట్టి మొదట మధ్యదేశపు భాషలతో కలిసి మారి, తర్వాత వాయవ్యానికి వెళ్లిందని తేల్చారు.

సెమినార్‌కు ఏం చదవాలంటే, జర్మన్ రాకపోయినా 1886 నాటి వ్యుత్పత్తి నిఘంటువు తెరవండి. స్లావిక్ భాషలన్నిటికీ కలిపి అలాంటిది అదే మొదటిది. స్కాన్ ప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జర్మన్ వివరణ వదిలేసి మాటల వరస మాత్రమే చూడండి, మీకు సంస్కృతం వచ్చు కదా. తేనెతో మొదలుపెట్టండి. స్లొవీన్‌లో 'మేద్', అంటే మధు. ఇక వాళ్లు ఎలుగుబంటిని 'మెద్వెద్' అంటారు. మధు, దాని పక్కన 'అద్' అనే తినడపు ధాతువు. తేనె తినేది. ఋగ్వేదంలో తీపి పండు తినే పక్షులకు వాడిన 'మధ్వదః' అనే మాటను పక్కన పెట్టి చూడండి. ఈ ఒక్క మాటను బోర్డు మీద విడదీసి చూపిస్తూ మొదలుపెడితే, క్లాసు మీ వెంటే వస్తుంది.